వలస, నిర్వాసనం, కాందిశీకత: కశ్మీరీ పండిట్ల స్థానభ్రంశాన్ని తెలుగులో చెప్పడం

వ్యాససంగ్రహం

1989 చివరి నెలల నుంచి కశ్మీర్ లోయలో సాగిన సాయుధ తిరుగుబాటు కాలంలో అక్కడి అల్పసంఖ్యాక హిందూ సమాజమైన కశ్మీరీ పండిట్లలో అత్యధికులు లోయను విడిచిపోవలసి వచ్చింది. తెలుగు పత్రికలలో, ఉపన్యాసాలలో ఈ ఘటనను తరచుగా ‘వలస’ అంటున్నారు. ప్రభుత్వ పరిభాషలోని ‘మైగ్రెంట్’ అనే మాటకు ఇది సమానార్థకంగా చెలామణి అవుతోంది. ఈ మాట జరిగినదానిలో దేనిని మరుగుపరుస్తుంది, చట్టంలో అది ఏ పని చేసింది, తెలుగులో దానికి బదులు ఏ పదాలున్నాయి అనే విషయాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కశ్మీరీ పండిట్లు, వలస, నిర్వాసనం, కాందిశీకులు, అంతర్గత నిర్వాసితులు, నిర్వాసన సాహిత్యం

1. ఉపోద్ఘాతం

తెలుగు ఎం.ఏ. చదివినవారికి కశ్మీర్ మొదట అలంకారశాస్త్రంలో పరిచయమవుతుంది. ఆనందవర్ధనుడు, అభినవగుప్తుడు, మమ్మటుడు, క్షేమేంద్రుడు - ధ్వని, రసం, ఔచిత్యం పాఠం చెప్పేటప్పుడు తలచుకునే ఈ పేర్లన్నీ ఆ లోయవే. సాతవాహనుల ఆస్థానంతో ముడిపడిన గుణాఢ్యుని బృహత్కథ మూలం మనకు దక్కలేదు. అందులోని కథలు నేటికీ మిగలడానికి ప్రధాన కారణం కశ్మీర్‌లో క్షేమేంద్రుడూ సోమదేవుడూ చేసిన సంస్కృత రూపాలు. ఇంత దగ్గరి పరిచయం ఉన్నా, ఆ విద్వత్పరంపరను తమదిగా చెప్పుకునే సమాజం ఇరవయ్యో శతాబ్ది చివరలో తన ఊళ్ళను వదిలిపోయిన సంగతిని మనం ఒక్క వాక్యంలో దాటేస్తుంటాం: “1990లో కశ్మీరీ పండిట్లు వలస వెళ్ళారు.”

ఈ వాక్యంలో సంవత్సరం సరిగానే ఉంది. క్రియ దగ్గర చిక్కు. వలసకు కర్త వెళ్ళినవాడే. ఎందుకు వెళ్ళాడో, ఎవరు వెళ్ళేట్లు చేశారో చెప్పవలసిన అవసరం ఆ క్రియకు లేదు. నిజమైన వలసకు ఉదాహరణ కావాలంటే కశ్మీర్ నుంచే తీసుకోవచ్చు. పదకొండవ శతాబ్దంలో బిల్హణుడు శ్రీనగరానికి దగ్గరలోని ఖోనముఖ గ్రామం నుంచి బయలుదేరి, ఆస్థానం తరువాత ఆస్థానం చూసుకుంటూ దక్షిణాదికి వచ్చి, కల్యాణి చాళుక్యుడైన ఆరవ విక్రమాదిత్యుని కొలువులో చేరాడు. తెలంగాణలో చాలా భాగం అప్పుడు ఆ చాళుక్యుల ఏలుబడిలోనే ఉండేది. విక్రమాంకదేవ చరిత్ర చివరి సర్గలో ఆయన తన ఊరిని తలచుకున్నాడు. అది ఇష్టపడి వెళ్ళినవాడు తలచుకున్న ఊరు. దీనికీ 1990కీ ఒకే పదం వాడటం భాషాపరంగా అలసత్వం. ఆ అలసత్వానికి చట్టపరమైన పర్యవసానాలు కూడా ఉన్నాయి గనుక ఈ చర్చ అవసరమైంది.

2. ‘పండితులు’ కాదు, పండిట్లు

అంతకంటే ముందు మరొక పదం సంగతి తేల్చుకోవాలి. తెలుగులో కొందరు ‘కశ్మీరీ పండితులు’ అని రాస్తున్నారు. వ్యుత్పత్తి దృష్ట్యా దోషం లేదు. అయితే తెలుగు పాఠకునికి పండితుడంటే శాస్త్రం చదివినవాడు. దానితో ఆ సమాజమంతా సంస్కృత విద్వాంసులు, భూస్వాములు, పై అధికారులు అయిన ఒక చిన్న గుంపు అనే భ్రమ కలుగుతుంది. పండిట్ అనేది అక్కడ సామాజిక వర్గానికి పేరు. వాళ్ళు తమ భాషలో తమను ‘బట్ట’ అని చెప్పుకుంటారు. డోగ్రా పాలన కాలంలోనూ, తరువాతా ప్రభుత్వోద్యోగాలలో వారి వాటా జనాభాతో పోలిస్తే ఎక్కువన్న మాట నిజం. దాని మీద లోయలోని ముస్లిముల్లో అసంతృప్తి ఉన్నదీ నిజమే. కానీ లోయను విడిచినవారిలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు, తపాలా గుమాస్తాలు, కిరాణా కొట్టువాళ్ళు, అనంతనాగ్, కుప్వారా, పుల్వామా పల్లెల్లో వరిపొలమూ నాలుగు అక్రోటు చెట్లూ ఉన్న చిన్న రైతులు ఎక్కువమంది. అందుచేత ఈ వ్యాసంలో ‘పండిట్లు’ అనే రూపాన్నే వాడుతున్నాను.

1981 జనగణన ప్రకారం కశ్మీర్ లోయలో హిందువులు 1,24,078 మంది. లోయ జనాభాలో ఇది నాలుగు శాతం లోపు. పరిస్థితుల కారణంగా 1991లో జమ్మూకశ్మీర్‌లో జనగణన జరగలేదు. సరిగ్గా లెక్క కావలసిన దశాబ్దంలోనే లెక్క లేకపోవడం వల్ల తరువాత వచ్చిన వివాదాల గురించి ఐదో విభాగంలో చెప్తాను.

3. 1989-90: ఏం జరిగింది?

1987 శాసనసభ ఎన్నికల్లో జరిగిన అక్రమాల నుంచి ఈ కథను మొదలుపెట్టడం పరిపాటి. ముస్లిం యునైటెడ్ ఫ్రంట్ అభ్యర్థిగా శ్రీనగర్‌లోని అమీరా కదల్ నుంచి పోటీ చేసిన మొహమ్మద్ యూసుఫ్ షా తరువాతి కాలంలో సయ్యద్ సలాహుద్దీన్ పేరుతో హిజ్బుల్ ముజాహిదీన్ నాయకుడయ్యాడు, అతని తరఫున పనిచేసిన యాసిన్ మాలిక్ జమ్మూ కశ్మీర్ లిబరేషన్ ఫ్రంట్ (జె.కె.ఎల్.ఎఫ్.) నాయకులలో ఒకడయ్యాడు. ఓటు మీద నమ్మకం పోయిన యువకులు నియంత్రణ రేఖ దాటి ఆయుధాలతో తిరిగి వచ్చారు. ఆయుధమూ శిక్షణా పాకిస్తాన్ వైపు నుంచి అందాయి. అయితే పండిట్ల భయానికి 1987 కంటే ముందటి గుర్తులూ ఉన్నాయి. 1986 ఫిబ్రవరిలో అనంతనాగ్ ప్రాంతంలో వారి ఇళ్ళమీద, దేవాలయాలమీద దాడులు జరిగాయి. ఎన్నికల అన్యాయం తిరుగుబాటుకు కారణం కావచ్చు. అల్పసంఖ్యాకుల మీద తుపాకి తిరగడానికి అదొక్కటే కారణంగా సరిపోదు.

1989 సెప్టెంబరులో శ్రీనగర్‌లో న్యాయవాది, భారతీయ జనతా పార్టీ నాయకుడు టీకాలాల్ టప్లూను కాల్చి చంపారు. నవంబరు 4న, మక్బూల్ భట్‌కు మరణశిక్ష విధించిన విశ్రాంత న్యాయమూర్తి నీలకంఠ్ గంజూను బజారులోనే చంపారు. డిసెంబరులో కేంద్ర హోంమంత్రి కుమార్తె రుబైయా సయీద్ అపహరణ, ఆమె విడుదల కోసం అయిదుగురు మిలిటెంట్లను వదిలిపెట్టడం లోయలో ప్రభుత్వం చేతులెత్తేసిందన్న సంకేతాన్ని పంపాయి. 1990 జనవరి 19న గవర్నరు పాలన మొదలై జగ్‌మోహన్ పగ్గాలు చేపట్టాడు. ఆ రాత్రి మసీదుల లౌడ్‌స్పీకర్ల నుంచి వచ్చిన నినాదాలు, వీధుల్లోకి వచ్చిన జనం పండిట్ల స్మృతిగ్రంథాలన్నిటిలోనూ కనిపిస్తాయి. ఫిబ్రవరి 13న శ్రీనగర్ దూరదర్శన్ డైరెక్టర్ లస్సా కౌల్‌ను చంపారు. ఏప్రిల్ చివరలో, భగవద్గీతను కశ్మీరీలోకి తెచ్చిన కవి సర్వానంద్ కౌల్ ప్రేమీని, ఆయన కుమారుణ్ణి అనంతనాగ్ జిల్లాలోని వారి ఇంటినుంచి తీసుకువెళ్ళి చంపారు. ఆయన తన పూజగదిలో ఖురాన్ ప్రతిని కూడా భద్రంగా పెట్టుకున్నవాడని చెప్తారు.

వెళ్ళిపోవడం ఒక్క రాత్రిలో జరిగింది కాదు. జనవరి నుంచి నెలల తరబడి, లారీల్లో, టాక్సీల్లో, ప్రభుత్వ బస్సుల్లో, తెల్లవారుజామున బయలుదేరి బనిహాల్ దగ్గరి జవహర్ సొరంగం దాటి జమ్మూ చేరారు. చాలామంది ఇంటి తాళంచెవి పక్కింటి ముస్లిం కుటుంబానికి ఇచ్చి, రెండు మూడు నెలల్లో వస్తామని చెప్పారు. జమ్మూలో మొదట గీతాభవన్‌లోనూ, దేవాలయాల వసారాల్లోనూ, ఆ తరువాత ముఠీ, పుర్ఖూ, మిశ్రీవాలా, నగ్రోటా గుడారాల్లోనూ ఉన్నారు. మంచు తప్ప ఎరగని ముసలివాళ్ళు నలభై డిగ్రీలు దాటే ఎండలో గుడ్డ గుడారాల కింద వడదెబ్బకూ పాముకాటుకూ చనిపోయారు. హత్యల జాబితాలో వీరి పేర్లు లేవు.

4. కర్త ఎవరు?

తెలుగు వాక్యంలో కర్మణి ప్రయోగం సహజం కాదు. ‘తరిమివేయబడ్డారు’ అనేది అనువాదాల భాష. మనం ‘తరిమారు’, ‘వెళ్ళగొట్టారు’ అంటాం. ఇంకొక సౌలభ్యం కూడా మనకుంది: కర్తను చెప్పకుండానే వాక్యం ముగించవచ్చు. “పండిట్లను లోయ నుంచి వెళ్ళగొట్టారు” అన్నది చక్కని తెలుగు వాక్యమే. కానీ ఆ చివరి ‘ఆరు’ ప్రత్యయంలో పేరులేని ‘వాళ్ళు’ ఒకరున్నారు. వినేవాడు ఆ ఖాళీని తనకు తోచిన పేరుతో పూరిస్తాడు. ఈ సందర్భంలో అది ‘కశ్మీరీ ముస్లిములు’ అవుతుంది. ‘వలస వెళ్ళారు’ కర్తను లేకుండా చేస్తే, కర్తలోపంతో కూడిన ‘వెళ్ళగొట్టారు’ ఒక జనసమూహాన్నంతటినీ కర్తగా చేస్తుంది. కనుక ఈ విషయం రాసేవారు వ్యాకరణం ఇచ్చిన వెసులుబాటును వదులుకుని కర్తను విడిగా రాయక తప్పదు.

ఎవరా కర్త? ఎంపిక చేసి హత్యలు చేసింది, బెదిరింపులు పంపింది జె.కె.ఎల్.ఎఫ్., హిజ్బుల్ ముజాహిదీన్ తదితర సాయుధ సంస్థలు. ఒకటి స్వతంత్ర కశ్మీర్‌ను, మరొకటి పాకిస్తాన్‌లో విలీనాన్ని కోరాయి. ఆ భేదం 1990 నాటి పండిట్‌కు ఏ ఊరటా ఇవ్వలేదు. నినాదాలతో వీధుల్లోకి వచ్చిన జనసమూహాల బాధ్యత వేరే స్థాయిది. అందులో భాగం కాని పొరుగువాళ్ళు, సాయంచేసినవాళ్ళు, భయంతో నోరు మూసుకున్నవాళ్ళు లక్షల్లో ఉన్నారు. అదే సంవత్సరం తుపాకి వారివైపు కూడా తిరిగింది: కశ్మీర్ విశ్వవిద్యాలయ ఉపకులపతి ముషీరుల్ హక్‌ను ఏప్రిల్‌లో, మీర్వాయిజ్ మౌల్వీ ఫారూఖ్‌ను మే 21న, వృద్ధనాయకుడు మౌలానా మసూదీని డిసెంబరులో చంపారు. జనవరి 21న గావ్‌కదల్ వంతెన దగ్గర నిరసనకారుల మీద భద్రతా దళాలు జరిపిన కాల్పుల్లో పదుల సంఖ్యలో మరణించారు. ఆ తరువాతి దశాబ్దాల్లో పదుల వేలకు చేరిన మృతుల్లో అత్యధికులు ముస్లిములే.

మూడవ కర్తగా జగ్‌మోహన్ పేరు చెప్తారు. లోయలో సైనిక చర్యకు అడ్డు లేకుండా ఆయనే పండిట్లను పంపించివేశాడన్న వాదం కశ్మీర్‌లో నేటికీ బలంగా ఉంది. వెళ్ళిపోయిన ఉద్యోగులకు జీతాలు ఆగకుండా అందడం, జమ్మూలో శిబిరాలు ఏర్పడటం దీనికి ఆధారాలుగా చూపుతారు. కాలక్రమం ఈ వాదానికి అనుకూలంగా లేదు. టప్లూ, గంజూ హత్యలు ఆయన రాకకు నెలల ముందటివి. ప్రాణభయంతో పారిపోయినవారికి జీతం ఇవ్వడం భయానికి కారణం కాజాలదు. ఆయన పాలన మీద చేయవలసిన విమర్శ వేరే ఉంది: జనం ఉన్నచోటనే వారికి రక్షణ కల్పించడంలో రాజ్యం విఫలమైంది. ఆ వైఫల్యం ఆయనకు ముందటి ప్రభుత్వంతో మొదలై ఆయన తరువాత కూడా కొనసాగింది. 1998 జనవరిలో వంధామాలో 23 మందిని, 2003 మార్చిలో నాదిమార్గ్‌లో 24 మందిని చంపినప్పుడు, వెళ్ళకుండా మిగిలిపోయిన కుటుంబాలకూ రక్షణ లేదని తేలిపోయింది.

హత్యకేసుల్లో కర్త పేరు న్యాయస్థానం రాయాలి. 1989-90 నాటి కేసులను తిరిగి దర్యాప్తు చేయించాలన్న అభ్యర్థనను 2017 జూలైలో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ఇరవై ఏడేళ్ళ తరువాత సాక్ష్యం ఎక్కడినుంచి వస్తుందన్నది కారణం. 2022లో ఆఖరి ప్రయత్నమైన క్యూరేటివ్ పిటిషన్ కూడా నిలవలేదు. న్యాయస్థానం పూరించని ఖాళీని రాజకీయ ఉపన్యాసాలు పూరిస్తున్నాయి.

5. చట్టంలో ఒక మాట

జమ్మూలో సహాయం పంచడానికి ఏర్పడిన కార్యాలయం వీరిని ‘మైగ్రెంట్లు’గా నమోదు చేసుకుంది. 1997లో రాష్ట్ర శాసనసభ చేసిన వలసదారుల స్థిరాస్తి పరిరక్షణ చట్టం ఈ మాటకు నిర్వచనం ఇచ్చింది: స్థూలంగా, 1989 నవంబరు 1 తరువాత కశ్మీర్ లోయ నుంచిగాని రాష్ట్రంలో మరే ప్రాంతం నుంచిగాని వెళ్ళిపోయి, రిలీఫ్ కమిషనర్ వద్ద నమోదైన వ్యక్తి. ఉద్యోగరీత్యా నమోదు కానివారికి కూడా కొన్ని షరతులతో ఇది వర్తిస్తుంది. నిర్వచనంలో మతం లేదు. హింసకు భయపడి వెళ్ళిన ముస్లిం, సిక్కు కుటుంబాలు కూడా ఈ నమోదులో ఉన్నాయి. ఇది మెచ్చుకోదగినదే. కానీ ‘వెళ్ళిపోయిన’ అనే విశేషణంతోనే నిర్వచనం ఆగిపోయింది. వెళ్ళేట్లు చేసిన కారణం దానికి అక్కర లేదు.

‘శరణార్థి’ అనే మాటకు అంతర్జాతీయ న్యాయంలో ఒక గీటు ఉంది. 1951 ఒడంబడిక ప్రకారం శరణార్థి కావాలంటే దేశ సరిహద్దు దాటి ఉండాలి. (ఆ ఒడంబడిక మీద భారతదేశం సంతకం చేయలేదు, అది వేరే సంగతి.) పండిట్లు దాటింది సొరంగం, సరిహద్దు కాదు. ఇలాంటివారి కోసమే 1998లో ఐక్యరాజ్యసమితి మార్గదర్శక సూత్రాలు వచ్చాయి. సాయుధ సంఘర్షణ, హింస, మానవహక్కుల ఉల్లంఘన వంటివాటి వల్ల ఇల్లు విడిచి, అంతర్జాతీయ సరిహద్దు దాటనివారిని అవి అంతర్గత నిర్వాసితులుగా గుర్తిస్తాయి. భద్రతతో, గౌరవంతో తిరిగి వెళ్ళడం, వదిలిన ఆస్తిని పొందడం లేదా పరిహారం అందుకోవడం వంటివి ఆ గుర్తింపుతో వస్తాయి. వాటికి చట్టబద్ధమైన నిర్బంధం లేదు. భారతదేశంలో అంతర్గత నిర్వాసితుల కోసం ప్రత్యేక చట్టమూ లేదు. పండిట్ల సంస్థలు ఈ గుర్తింపు కోసం దశాబ్దాలుగా అడుగుతున్నాయి. కొన్ని సంస్థలు ‘జాతిహననం’ అనే మాటనూ కోరాయి. 1999లో జాతీయ మానవహక్కుల కమిషన్, జాతిహననాన్ని పోలిన చర్యలు జరిగాయని అంగీకరిస్తూనే, అవి ఆ అంతిమ నేరం స్థాయికి చేరలేదని తేల్చింది.

మాట వల్ల ఆచరణలో ఏం మారుతుంది? మొదట ఆస్తి. వలస తాత్కాలికం, వెళ్ళినవాడు తిరిగి వస్తాడన్న ఊహ 1990లో అధికారులకూ బాధితులకూ ఉంది. అందువల్ల ఇళ్ళను, పొలాలను కాపాడే చట్టం రావడానికి ఏడేళ్ళు పట్టింది. ఈ ఏడేళ్ళలో కూతురి పెళ్ళికో, తండ్రి వైద్యానికో డబ్బు కావలసినవాళ్ళు దొరికిన ధరకు అమ్ముకున్నారు. కొన్ని ఇళ్ళు కాలిపోయాయి, కొన్ని ఆక్రమణకు గురయ్యాయి. చట్టం పేరులోనే ‘దైన్యవిక్రయాల నిరోధం’ అని ఉండటం జరిగిపోయినదానికి ఒప్పుకోలు వంటిది. ఈ ఆస్తుల మీద ఫిర్యాదులు తీసుకోవడానికి ఆన్‌లైన్ పోర్టల్ 2021 సెప్టెంబరులో వచ్చింది. రెండవది ఓటు. జమ్మూలో స్థిరపడి ముప్పై ఏళ్ళయినా, లోయలోని తమ నియోజకవర్గానికి ఓటు వేయాలంటే ప్రతి ఎన్నికకూ ‘ఎం’ ఫారం నింపాలి. ‘ఎం’ అంటే మైగ్రెంటే. జమ్మూ, ఉధంపూర్‌లలో ఉన్నవారికి ఈ బాధ 2024 లోక్‌సభ ఎన్నికల ముందు తొలగింది.

లెక్కల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కేంద్ర హోంశాఖ నివేదికల్లో నమోదైన కుటుంబాలు సుమారు 62,000. వీటిలో 40,000 జమ్మూలో, 20,000 ఢిల్లీ పరిసరాల్లో, 2,000 ఇతర రాష్ట్రాల్లో. ఏళ్ళ తరబడి జరిగిన నమోదు ఇది. ఇతర మతాలవారూ ఇందులో ఉన్నారు. దీనిని సగటు కుటుంబ పరిమాణంతో హెచ్చవేసి 1990 నాటి నిర్వాసితుల సంఖ్యగా చెప్పడం శాస్త్రీయం కాదు. లక్ష నుంచి మూడు లక్షలకు పైగా ఎన్నో అంకెలు తిరుగుతున్నాయి. 1981 జనగణనను దృష్టిలో ఉంచుకుంటే లక్ష పైచిలుకు, రెండు లక్షల లోపు అనడం సమంజసం. మృతుల విషయంలో, 1989-2004 మధ్య 219 మంది పండిట్లు హతులయ్యారని రాష్ట్ర ప్రభుత్వం 2010లో శాసనసభకు తెలిపింది. లోయలోనే ఉండిపోయిన పండిట్ల సంస్థ చేసిన లెక్క అంతకంటే ఎక్కువే గాని, అదీ వందల్లోనే ఉంది. వేలల్లో చంపారని సినిమాలూ సామాజిక మాధ్యమాలూ చెప్తున్నాయి. హైదరాబాదుకు చెందిన నిర్మాణ సంస్థ భాగస్వామిగా 2022లో వచ్చిన ‘ది కశ్మీర్ ఫైల్స్’ తరువాత ఈ ధోరణి తెలుగులోనూ పెరిగింది. ప్రభుత్వపు తక్కువ అంకెనే తీసుకున్నా, 1981 జనాభాలో దాదాపు 570 మందికి ఒకరు హతులైనట్టు. అందరూ బంధువులూ తెలిసినవారూ అయిన చిన్న సమాజంలో ఆ నిష్పత్తి ప్రతి ఇంటికీ ఒక చావు వార్త చేరవేస్తుంది. పెంచిన అంకె చేసే పని ఒక్కటే: తోసిపుచ్చాలనుకునేవారికి సాకు ఇస్తుంది.

6. తెలుగులో ఉన్న పదాలు

‘వలస’ అనగానే మన మనసులో మెదిలేది పాలమూరు కూలీలు, శ్రీకాకుళం నుంచి చెన్నై, హైదరాబాదులకు వెళ్ళే కుటుంబాలు. ఆకలి తరిమినా అక్కడ ఊరు మిగిలే ఉంటుంది. పండుగకు వెళ్ళి వస్తారు. పండిట్లకు హేరథ్ - వారి శివరాత్రి - గుడారంలోనే చేసుకోవలసి వచ్చింది. తుల్‌ముల్లా ఖీర్ భవానీ అమ్మవారికి ప్రతిరూపంగా జమ్మూలో మరొక గుడి కట్టుకున్నారు.

‘నిర్వాసితుడు’ అర్థం రీత్యా చాలా సరైన పదం: నివాసం నుంచి వెళ్ళగొట్టబడినవాడు. ఇందులోనే కర్మార్థం ఉంది. అయితే నాగార్జునసాగర్, శ్రీశైలం, పోలవరం వల్ల ఈ మాట తెలుగులో ప్రాజెక్టుల కింద ఊళ్ళు కోల్పోయినవారికి స్థిరపడింది. నిర్వాసితుడంటే నోటీసు, సర్వే, పరిహారం గుర్తుకు వస్తాయి. పండిట్లకు వచ్చిన నోటీసు గోడమీద అంటించిన బెదిరింపు కాగితం. అయినా ‘అంతర్గత నిర్వాసితులు’ అని విశేషణం చేర్చితే మార్గదర్శక సూత్రాల పరిభాషకు ఇది సరిగ్గా సరిపోతుంది. పరిశోధనా వ్యాసాల్లో దీనినే వాడాలని నా సూచన.

మూడవది ‘కాందిశీకుడు’. సంస్కృతంలో ‘ఏ దిక్కుకు పోను?’ అనే ప్రశ్న నుంచి పుట్టిన మాట. అమరకోశం దీనికి భయంతో పరుగుతీసినవాడు అనే అర్థమిచ్చింది. ఇందులో సరిహద్దు ప్రసక్తి లేదు, భయం ఉంది. రెండవ ప్రపంచయుద్ధంలో రంగూన్ వదిలి కాలినడకన వచ్చిన తెలుగువారిని, దేశవిభజన బాధితులను తెలుగులో కాందిశీకులనే పిలిచారు. 1990 వసంతంలో బనిహాల్ దారి పట్టినవారి స్థితిని ఇంతకంటే దగ్గరగా చెప్పే పదం మన నిఘంటువుల్లో లేదు. విచిత్రమేమంటే, హైదరాబాదు చుట్టుపక్కల రెవెన్యూ భాషలో ‘కాందిశీకుల భూములు’ అంటే పాకిస్తాన్‌కు వెళ్ళిపోయినవారు వదిలిన ఆస్తులు. అంటే ఇల్లు పోగొట్టుకున్నవాడు వదిలిపోయిన ఆస్తికి కూడా మన భాష ఈ మాటనే వాడింది. కశ్మీర్ ఆస్తుల చట్టాన్ని తెలుగులో వివరించేవారికి ఇది ఉపయోగపడే పూర్వోదాహరణ.

7. సాహిత్యం చూపిన దారి

చట్టం ‘మైగ్రెంట్’ అంటున్న కాలంలోనే హిందీలో పండిట్ రచయితలు విస్థాపన్, నిర్వాసన్, జలావతన్ అనే మాటలు పట్టుకున్నారు. కవి అగ్నిశేఖర్ తన కవితా సంపుటికి ‘జవాహర్ టనల్’ అని పేరు పెట్టాడు. దేశ సరిహద్దు కాని ఒక సొరంగం ఒక జాతికి సరిహద్దు ఎలా అయిందో ఆ పేరే చెప్తుంది. చంద్రకాంత ‘కథా సతీసర్’ నవల (2001) ఇంకా వెనక్కి వెళ్తుంది. నీలమత పురాణం ప్రకారం కశ్మీర్ ఒకప్పుడు సతీసరస్సు. కశ్యపుడు దాని నీటిని వదిలించి నేలను జనానికిచ్చాడు. ఈ పురాణగాథను శీర్షికలో పెట్టుకున్న నవల లోయను హిందువుల సొత్తుగా చూపదు. తరాల తరబడి ఇరుమతాల కుటుంబాల మధ్య సాగిన రాకపోకలను, అవి చెడిపోయిన క్రమాన్ని ఓపికగా చెప్తుంది. ఇంగ్లీషులో సిద్ధార్థ గిగూ నవల ‘ది గార్డెన్ ఆఫ్ సాలిట్యూడ్’ (2011), రాహుల్ పండితా స్మృతిగ్రంథం ‘అవర్ మూన్ హాజ్ బ్లడ్ క్లాట్స్’ (2013) తరువాతి తరానివి. వీటి రచయితలు చిన్న వయసులోనే లోయను వదిలినవారు.

వీటి పక్కన బషారత్ పీర్ ‘కర్ఫ్యూడ్ నైట్’ను కూడా చదవాలి. సైన్యం, మిలిటెన్సీ మధ్య నలిగిన ముస్లిం కుర్రవాడి అనుభవం అది. బడి తెరిచేసరికి తరగతిలో పండిట్ సహాధ్యాయులు కూర్చునే చోట్లు ఖాళీగా ఉండటాన్ని ఆయన గమనించి రాశాడు. ఒకే ఖాళీని రెండు వైపుల నుంచి చూసిన ఈ పుస్తకాలను తులనాత్మక అధ్యయనానికి జతగా పెట్టవచ్చు; పిహెచ్.డి. అంశాల కోసం వెతికేవారికి ఇందులో పని ఉంది.

భాష పరిస్థితి మరింత ఆలోచింపజేస్తుంది. కశ్మీరీకి అధికారిక లిపి పర్షియన్-అరబిక్ ఆధారితం. నిర్వాసనం తరువాత పెరిగిన పండిట్ పిల్లలకు ఆ లిపి రాదు. వారి పత్రికలు దేవనాగరిలో కశ్మీరీని అచ్చువేయడం మొదలుపెట్టాయి. ప్రాచీనమైన శారదా లిపి పూజారుల దగ్గర, జ్యోతిష్కుల దగ్గర మాత్రమే మిగిలింది. ఫలితంగా హరికృష్ణ కౌల్ వంటి గొప్ప కథకుడు కశ్మీరీలో రాసిన కథలను ఆయన సమాజపు యువతరం మూలంలో చదవలేక అనువాదం కోసం ఎదురుచూడవలసి వచ్చింది. జమ్మూ, ఢిల్లీ ఇళ్ళలో తాతలు కశ్మీరీలో మాట్లాడితే మనుమలు హిందీలో జవాబు చెప్తారు. లోయలో ఉన్న ముస్లిం కశ్మీరీతో వీరికి ఉమ్మడిగా మిగిలిన అత్యంత విలువైన బంధం ఈ భాషే.

8. తిరిగి వెళ్ళడం

2008లో కేంద్రప్రభుత్వం 1,618.40 కోట్ల రూపాయల పథకాన్ని ప్రకటించింది. అందులో ముఖ్యమైనది యువతకు లోయలో ఉద్యోగాలు: మొదట 3,000, 2015లో మరో 3,000. జమ్మూ దగ్గర జగ్తీలో 4,000కు పైగా రెండు గదుల ఇళ్ళను 2011లో ఇచ్చారు. గుడారాల నుంచి ఒంటిగది క్వార్టర్లకు, అక్కడినుంచి ఈ ఇళ్ళకు రావడానికి రెండు దశాబ్దాలు పట్టింది. లోయలో చేరిన ఉద్యోగులు ఎక్కువగా కాపలా ఉన్న తాత్కాలిక వసతుల్లో ఉంటూ పనిచేశారు. సొంత ఊరికి తిరిగి వెళ్ళినవారు అరుదు. 2010 ప్రభుత్వ లెక్క ప్రకారం 1990లో కదలకుండా లోయలోనే ఉండిపోయినవి 808 కుటుంబాలు, 3,445 మంది. 2021 అక్టోబరులో అలా ఉండిపోయినవారిలో ఒకరిని, శ్రీనగర్‌లో మందుల దుకాణం నడిపే పెద్దాయనను, దుకాణంలోనే కాల్చి చంపారు. 2022 మే 12న ఈ పథకం కింద చేరిన ఒక రెవెన్యూ ఉద్యోగిని చాడూరా తహసీల్దారు కార్యాలయంలో చంపారు. సహోద్యోగులు నెలల తరబడి ధర్నా చేశారు. చాలామంది మళ్ళీ జమ్మూ చేరారు.

2023 డిసెంబరులో పార్లమెంటు చేసిన సవరణ చట్టం జమ్మూకశ్మీర్ శాసనసభలో ఇద్దరు సభ్యులను, వారిలో ఒకరు మహిళ అయ్యేట్లు, ఈ సమాజం నుంచి నామినేట్ చేసే వీలు కల్పించింది. ఆ చట్టంలోనూ మాట ‘కశ్మీరీ మైగ్రెంట్లు’ అనే ఉంది. ఆ మాట వర్తించేవారిలో ఇప్పుడు 1995లోనో 2000లోనో జమ్మూ శిబిరంలో పుట్టి, కుటుంబం పేరున ధ్రువపత్రం పొంది, బనిహాల్ సొరంగాన్ని ఉద్యోగం వచ్చినప్పుడు మొదటిసారి ఉత్తరదిశగా దాటినవాళ్ళు ఉన్నారు. వాళ్ళు ఎక్కడినుంచీ వెళ్ళలేదు గనుక వలసదారులు కారు. తమ కాళ్ళతో పారిపోలేదు గనుక కాందిశీకులూ కారు. ‘నిర్వాసితులు’ అన్న మాట మాత్రం వారికీ వర్తిస్తుంది.